నేను గుచ్చని సూది రంధ్రం

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాదనకు దిగే మనిషిని నేను. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకైతే ఆ పొగ కూడా కొలిచి చూపించాలి. సిద్దిపేటలో ఉంటూ, లేకుండా పోయిన ఊళ్లకు పటాలు గీస్తుంటాను.

రెండేళ్ల కిందట రిజర్వాయర్‌లో మునిగిన ఒక ఊరి పటం మొదలుపెట్టాను. ఆ ఊరివాళ్లు ఇప్పుడు గజ్వేల్ దగ్గర కాలనీలో ఉంటున్నారు. ఇద్దరిని విడివిడిగా అడుగుతాను. ఇద్దరూ ఒకే చోట వేలు పెడితేనే అక్కడ సూదితో గుచ్చి, తర్వాత సిరా పెడతాను.

ఫాతిమా బీ అనే ముసలామె ఇల్లూ బావీ అడగలేదు. "సారూ, నా బిడ్డను యాడ పెట్టిన్రో గది గుర్తు పెట్టుండ్రి" అంది.

ఆమె గజ్వేల్ దవాఖానలో ఉండగానే నాలుగు రోజుల పసిబిడ్డ పోయింది. భర్తే ఊరికి తీసుకెళ్లి పాతిపెట్టాడు. వాళ్లలో ఆడవాళ్లు మట్టి ఇవ్వడానికి పోరు. ఏడుస్తుందని ఆయన చోటు చెప్పలేదు, ఇప్పుడు ఆయనా లేడు. కాలనీలో ఎవరికీ తెలియదు. తెలియనిది గీయనని చెప్పేశాను. దారంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

వారం తర్వాత, పట్టపగలు, సిరా పెడుతుంటే పటంలో ఫాతిమా బీ వాళ్ల చేను గట్టు మీద ఒక సూది రంధ్రం కనిపించింది. నా నోటుబుక్కులో అక్కడ ఏమీ లేదు. చెయ్యి జారిందేమో అనుకుని కొత్త కాగితం మీద పటమంతా మళ్లీ గీశాను. రెండో రోజుకు సరిగ్గా అక్కడే మళ్లీ రంధ్రం. ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

మళ్లీ కాలనీకి పోయి ఆరా తీస్తే, బిడ్డను పాతిన రోజు ఆమె భర్త వెంట నర్సయ్య అనే స్నేహితుడు ఉన్నాడని తెలిసింది. ఆయన అక్కన్నపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడు. రంధ్రం పడకముందు తీసిన జిరాక్సు పట్టుకుపోయి, బిడ్డ సంగతి మాత్రమే అడిగాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ఆ గట్టు మీదే వేలు పెట్టాడు.

"గీడనే, తుమ్మచెట్టు కింద. ఎవలకు చెప్పొద్దని ఒట్టేయించుకుండు."

ఫాతిమా బీకి పటం చూపించి, గట్టు మీది తుమ్మచెట్టు కింద అని చెప్పాను. ఇంటి నుంచి గట్టు దాకా వేలితో నడిచింది.

"మా ఆయన రోజు గా చెట్టు కిందికే సద్ది తెమ్మంటుండె. ఇంకో జాగల కూసుండి తినకపోతుండె సారూ."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ రంధ్రాలు ఎవరు గుచ్చారో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ చోటు నాకెలా తెలిసిందని ఆమె మాత్రం అడగనే లేదు.