నీళ్లు తాగని తువ్వాళ్లు

పదహారేళ్లప్పుడు నాకు ఒకటే కోరిక, మగ్గం గుంటలో దిగి నేయాలని. ధర్మవరంలో మా ఇంట ఆడపిల్లలది కండెలు చుట్టే పని, నేత మగవాళ్లది. ఆ ఏడు పట్టు దొరక్క మగ్గం ఖాళీగా పడుంది. అప్పుడే హిందూపురం హోటలాయన వంటింట్లోకి పన్నెండు నూలు తువ్వాళ్లు కావాలని కబురంపాడు. పట్టు నేసిన చేత్తో మసిగుడ్డలా అని నాయన ముఖం ముడుచుకున్నాడు. నేను నేస్తానన్నాను.

"సరే, నేయి. ఆయప్ప వాపసు పంపినాడంటే మళ్లా మగ్గం మాట ఎత్తగూడదు" అన్నాడు.

నాయన పక్కనే కూర్చుని, పోగులు దగ్గరపడేలా పోగు పోగుకూ "ఇంగా గట్టిగా కొట్టు" అనేవాడు. ఎనిమిది అలాగే నేశాను. తొమ్మిదోదానికి భుజం పట్టేసి దెబ్బ వదులైంది. చివరి నాలుగూ జల్లెడలా వచ్చాయి. నాయన వాటిని వెలుతురుకు పట్టి చూసి పక్కన పడేశాడు. అన్నీ ఉతికి ఆరేసి, ఆ నాలుగింటినీ మూట అడుగున దాచాను.

మూట ఒళ్లో పెట్టుకుని నాయనతో హిందూపురం రైలెక్కాను.

హోటలాయన వంటింటి బండ మీద చెంబెడు నీళ్లు పోసి, పైనున్న తువ్వాలుతో తుడిచాడు. నీళ్లు గుడ్డకు అంటకుండా జారి నేల మీద పడ్డాయి. రెండోదీ అంతే.

"ఏమప్పా, పట్టుచీర మాదిరి బిగించినావే! ఇది నీళ్లు యాడ తాగుతాది? తీసకపో."

నాయన మూట కట్టబోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన చెయ్యి తోసేసి, అడుగు నుంచి ఒకటి లాగి నేనే తుడిచాను. ఒక్క తుడుపుకు బండ ఆరిపోయింది.

"ఆ! ఇట్లాంటివి ఇంగా ఎనిమిది కావల్ల" అన్నాడాయన.

ఇంటికి రాగానే నాయన తనే గుంటలో దిగాడు. "వదులు నేత నేసేదానికి నువ్వు యాల?" అన్నాడు. నేసిన ప్రతిదాని మీదా నీళ్లు చల్లి చూసేవాడు. చుక్కలు పైనే నిలబడేవి. వదులుగా కొట్టాలని ఎంత అనుకున్నా ఆయన చెయ్యి దానంతటదే బిగించేసేది. నాలుగో రోజు గుంటలోంచి లేచాడు.

"దిగమ్మా. నా చేతికి రాలేదు."

దిగి కూర్చున్నాను. నాయన పోయి రాట్నం ముందు నా చోట కూర్చుని కండె చుట్టడం మొదలుపెట్టాడు. ఆ మొదటి కండె అందుకునేటప్పుడు ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.