కుర్చీ తీసిన గ్రూప్ ఫొటో

గోదావరిఖనిల పెండ్లి ఫొటోలు తీసేటోళ్లు శానమంది ఉన్నరు గని, నేను గొంతెత్తి "జరుగుర్రి" అంటే పందిరి గుంజలు సుత జరుగుతయి. మాటల్లేని అన్నదమ్ములను ఒక్క కేకతోని పక్కపక్కన నిలవెట్టిన మొగోన్ని.

ఆ అన్నదమ్ముల ముచ్చటే ఇది. తండ్రి బొగ్గు బాయిల పనిచేసి, దమ్ము పాడై అన్‌ఫిట్ అయిండు. ఆయన నౌకరి ఒక్క కొడుక్కే వస్తది. చిన్నోని పేరు రాయించిండు. పెద్దోడు మంచిర్యాలకు పోయి ఆటో తోలుకుంటుండు. అప్పట్నుంచి ఇంటి గడప తొక్కలేదు.

వాళ్ల చెల్లె పెండ్లి కుదిరింది. ఆర్డర్ మాట్లాడుకుందామని పోతే, తల్లి నా అగ్రిమెంట్ కాగితం పక్కకు నెట్టింది.

"ఎన్ని ఫొటోలు, ఎన్ని పేజీలు, అంత నీ ఇష్టమన్నా. నా కొడుకులిద్దరు వాళ్ల నాయినకు చెరోపక్క ఉన్న ఫొటో ఒక్కటి కావాలె. గా ఫొటో లేకుంటే ఆల్బం నువ్వే ఉంచుకో."

"గింతేనా చెల్లే? రాసిస్త."

రాసి, కింద సంతకం సుత పెట్టిన. నాకు నోరెక్కువ.

పెండ్లినాడు పెద్దోడు వచ్చిండు. అక్షింతలు వేసి, ఆటో తాళంచెవి వేలికి తిప్పుకుంట స్టేజీ మెట్లు దిగవట్టిండు. నేను అడ్డం పోయిన.

"కొడుకా, ఒక్క గ్రూపు."

"కిరాయి ఉంది కాకా."

"మీ అవ్వ చూస్తుందిరా."

తల్లి దిక్కు చూసి మల్ల ఎక్కిండు. ఎక్కి, వరుసల ఎడమ చివరకు నిలవడ్డడు. అది చూసి చిన్నోడు కుడి చివరకు పోయిండు. నడిమిట్ల కుర్చీల తండ్రి, ఆయన ఎనుక పెండ్లిపిల్ల, పిలగాడు, చుట్టూ చుట్టాలు.

"దగ్గరికి జరుగుర్రి!"

మేనత్తలు జరిగిండ్రు, బావలు జరిగిండ్రు. ఆ ఇద్దరు ఇంచు కదల్లేదు.

"చివరలోళ్లు ఫొటోల పడుతలేరు" అని అబద్ధమాడిన.

"పడకుంటే ఇడిసిపెట్టు" అన్నడు పెద్దోడు.

"పనులున్నోళ్లను పోనియ్యి కాకా" అన్నడు చిన్నోడు, నా దిక్కే చూసుకుంట.

పెద్దోడు ఒక కాలు మెట్టు మీద పెట్టిండు. తల్లి కొంగు నోట్ల కుక్కుకుంది.

ఛాయ్ హోటల్ల ఈ ముచ్చట చెప్పేటప్పుడు నేను కేకేసేది ఇక్కడ్నే. వాళ్లు మేకపిల్లల లెక్క ఉరికొస్తరు. నిజం చెప్పాల్నంటే, కేక కాదు గదా, నా నోట్లకెళ్లి మూలుగు సుత ఎల్లలేదు. 

గప్పుడు తండ్రి నాతోని అన్నడు: "బావా, ఈ కుర్చీ తియ్యి. నిలవడి దిగుత."

"నీతోని గాదు బావా."

"తియ్యిమన్న గదా."

లేచిండు. కుర్చీ పక్కకు గుంజిన. ఆయన మోకాళ్లు గడగడ వణుకుతున్నయి, దమ్ము ఈల లెక్క వినవడుతుంది. బిడ్డ చెయ్యి అందియ్యబోతే తల అడ్డం తిప్పిండు. కొడుకులను పిలవలేదు, చూడను సుత చూడలేదు. మెల్లగ ఒకపక్కకు ఒరగవట్టిండు.

రెండు చివరలకెళ్లి ఇద్దరు ఉరికొచ్చిండ్రు. ఒకడు ఈ రెక్క, ఒకడు ఆ రెక్క.

"గట్టిగ పట్టురా!"

"పట్టిన గదన్నా!"

బటన్ నొక్కిన.

ఫొటోల ఒక్కరు సుత కెమెరా దిక్కు చూస్తలేరు. పెద్దోని కండ్లు మూతవడ్డయి. "ఇంకొక్కటి, మంచిగ నిలవడుర్రి" అని అనబోతే, తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దన్నా. మంచిగ నిలవడుమంటే మల్ల ఎవని చివరకు వాడు పోతడు."