చెడు కబురు గడి

మా సెలూన్ బాబాయ్ చదివింది ఐదో తరగతి. నేను ఎంత చదివానంటే, పట్టాలు తగిలించడానికి గోడకి మేకులు కొట్టీ కొట్టీ సున్నం రాలుతోందని మా ఆవిడ విసుక్కునేంత. అయినా మనిషి జీవితంలో ఎలా పైకొస్తాడన్న విషయంలో మా ఇద్దరిలో పండితుడు ఆయనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నలభై ఏడేళ్ళు పట్టింది. ఇప్పుడు ఒప్పుకుంటుంటే కూడా కడుపులో కాస్త మండుతూనే ఉంది.

ఆయనది రెండు కుర్చీల సెలూన్. ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. పనికి ఇంకో మనిషిని పెట్టుకోమంటే, "రెండు తలలు ఒకేసారి మాట్లాడితే నా బుర్రకెక్కదు" అంటాడు. ఓ పొడుగు బల్ల, అంచుల్లో మరకలు పట్టిన అద్దం, నీళ్ళు చిమ్మే సీసా, అరిగిపోయిన పటికముక్క. అద్దం కింద రెండు సొరుగులు. పైదాంట్లో కత్తెరలు, దువ్వెనలు. కిందిదాంట్లో ఏముందో ముప్ఫై ఏళ్ళు అక్కడ తల వంచినా నాకు తెలీదు.

ఆ శుక్రవారం పొద్దున మంచి హుషారుగా వెళ్ళాను. సోమవారం నా డాక్టరేట్ వైవా. ఏడేళ్ళ పరిశోధన. పేరు వింటేనే కళ్ళు తిరగాలి: "జీవిత వ్యూహం, వ్యక్తిగత సాధన: ఒక సైద్ధాంతిక చట్రం". గమ్యం చిన్నప్పుడే తేల్చుకున్నవాడే గెలుస్తాడన్నది అందులో మూలసూత్రం. రుజువుగా 'వ్యక్తి-క' అనే ఒకాయన జీవితం మొత్తం రాశాను. పందొమ్మిదో ఏటే పాఠాలు చెప్పాలని నిర్ణయించుకుని, పక్కచూపు చూడకుండా అక్కడికి చేరినవాడు. ఆ వ్యక్తి-క ఎవరో కాదు, నేనే. సిగ్గు లేకపోతే సరి!

"ఏం నాయనా, ఏంటి సంగతులు?" అన్నాడు బాబాయ్ మెడకి గుడ్డ కడుతూ. ఎవరొచ్చినా ఆయన అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. నేను నా సూత్రాలన్నీ ఏకరువు పెట్టాను. పందొమ్మిదో ఏడు దగ్గరకి వచ్చేసరికి కత్తెర ఆగింది.

"అది తప్పు" అన్నాడు.

"ఏది?"

"పందొమ్మిదో ఏట నువ్వు పాఠాలు చెప్తానన్లేదు. లారీలు కొంటానన్నావ్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. అసలే నా కోపం ముక్కు మీదుంటుంది. "నా సంగతి నాకు తెలీదా బాబాయ్? నీ కత్తెర పనేదో నువ్వు చూసుకోరాదూ!" అనేశాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఆయన నొచ్చుకోలేదు. చేతులు తుడుచుకుని, వంగి, కింది సొరుగు లాగాడు. సొరుగు నిండా నోటు పుస్తకాలు.

ఒకటి తీసి పేజీలు తిప్పి నా ఒళ్ళో పెట్టాడు. పక్క పేజీ మీద మాత్రం తువ్వాలు కప్పాడు. అది ఇంకెవరిదో. నా పేజీ పైన పేరు లేదు, "రెండు సుడులు" అని ఉంది. నా నెత్తిన రెండు సుడులున్నాయి. రెండు పెళ్ళిళ్ళవుతాయని చిన్నప్పుడు అందరూ ఏడిపించేవారు. కింద నాలుగు గడులు. ఎప్పుడొచ్చాడు, ఏం కావాలంటున్నాడు, దేనికి భయపడుతున్నాడు, చెడు కబురు మొదట ఎవరికి చెప్పాడు. ఒక్కో క్షవరానికి ఒక్కో వరస. గుండ్రటి, బడిపిల్లాడి రాత.

పందొమ్మిదో ఏట నిజంగానే లారీలు. ఇరవైలో ఫొటో స్టూడియో. ఇరవై మూడులో ఏమీ వద్దు, ఎక్కడికైనా పారిపోతానట. పాఠాల మాట మొదటిసారి వచ్చింది ఇరవై ఏడో ఏట. అదీ, "వేరే ఏదీ దొరక్క" అని రాసి ఉంది. నేనే మర్చిపోయిన నన్ను ఈయన ఇన్నేళ్ళూ ఆ సొరుగులో భద్రంగా దాచాడు.

"ఎందుకు బాబాయ్ ఇదంతా?" అన్నాను.

చెప్పాడు. ఆయన కత్తెర పట్టిన కొత్తల్లో ఒక గుమాస్తా వచ్చేవాడట. ఎప్పుడొచ్చినా శుభవార్తలే. జీతం పెరిగింది, ఇల్లు కడుతున్నా, అంతా బ్రహ్మాండం. ఒక నెల రాలేదు. కనుక్కుంటే, ప్రాణం తీసుకున్నాడన్నారు. ఉద్యోగం పోయి అప్పటికే ఏడాది అయిందట. "ఆ ఏడాదంతా ఈ చేతుల్లోనే కదా ఉంది ఆ తల! నేనేం వినలేదో తెలుసుకోవాలనిపించింది. అప్పట్నుంచి రాస్తున్నా" అన్నాడు బాబాయ్. పిన్నికి ఇది తెలుసు. "ఊరందరి తలరాతలూ గుర్తుంటాయి, ఉప్పు తెమ్మంటే మాత్రం గుర్తుండదు" అని దెప్పుతూ ఉంటుందట.

అలా ఆయన ఇరవై ఏళ్ళకి పైగా వదలకుండా చూసిన మనుషులు రెండు వందల పదకొండు మంది. నా పరిశోధనలో నేను మాట్లాడింది నలభై మందితో, అదీ ఒక్కొక్కరితో గంటసేపు, అంతా అయిపోయాక, వాళ్ళు నీటుగా తయారై కూర్చున్నాక!

"గమ్యం గమ్యం అంటావే, అది మూడేళ్ళకోసారి మారుతుంది నాయనా. దాంతో ఏమీ తేలదు. పైకొచ్చినవాళ్ళకి కలిసిందల్లా ఈ నాలుగో గడే. ఓడిపోయిన రోజు వెళ్ళడానికి ఓ గుమ్మం ఉన్నవాడు మర్నాడు మళ్ళీ పనిలో పడ్డాడు. లేనివాడు ఓడిపోలేదని చూపించుకోడానికే ఉన్న సత్తువంతా పెట్టేశాడు. ఇంక పనికేం మిగుల్తుంది?"

నాలోని మేష్టారు ఊరుకోలేదు. "ఈ లెక్కకి లొంగనివాళ్ళు లేరా?"

"తొమ్మిది మంది. వాళ్ళ సంగతి ఇంకా అంతుపట్టలేదు. చూస్తున్నా" అన్నాడు మామూలుగా.

నా సూత్రానికి లొంగనివాళ్ళని నేను అనుబంధంలో, చిన్న అక్షరాల్లో, ఎవరి కంటా పడకుండా పారేశాను. అప్పటికప్పుడు లేచి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మెడకి గుడ్డ, సగం కత్తిరించిన తల. కదల్లేకపోయాను.

అప్పుడు నా నాలుగో గడి చూసుకున్నాను. డిగ్రీ తప్పినప్పుడు: అక్క. స్నేహితుడు మోసం చేసినప్పుడు: అక్క. ఇంటర్వ్యూలో ఏడ్చి వచ్చినప్పుడు: అక్క. ముప్ఫై ఎనిమిదో ఏట, ఉద్యోగం ఖాయమయ్యాక, ఒక అడ్డగీత. తర్వాత అన్నీ గీతలే.

"తొమ్మిదేళ్ళలో నీకు ఒక్క చెడ్డరోజూ రాలేదా నాయనా?"

రాకేం? రాసిన వ్యాసాలు తిరిగొచ్చాయి. నా దగ్గర చదువుకున్నవాడు నా మీద అధికారిగా వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా.

"ఇలా గీతలతో నిండిన పేజీలు ముప్ఫై ఒకటున్నాయి. అవి ఎలా ముగిశాయో చెప్పమంటావా?"

"వద్దు బాబాయ్" అన్నాను. నిజంగా భయమేసింది.

సోమవారం ముగ్గురు పరీక్షకులు. మొదటాయన కళ్ళజోడు సవరించుకుని, "ఈ వ్యక్తి-క వివరాలు ఎలా సేకరించారు?" అని అడిగాడు. పక్కగదిలో టీ కప్పులు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. "అది నేనేనండి. అందులో రాసింది నిజం కాదు" అన్నాను. మా గైడు మొహంలో నెత్తురుచుక్క లేదు. పావుగంటలో తేలిపోయింది. మొత్తం తిరగరాయాలి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ రావాలి. ఏడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

బయటికొచ్చి నేరుగా అక్క దగ్గరకి వెళ్ళాను. ఆవిడ ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో పని చేస్తుంది. నేను అక్కడ అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో! ఎప్పుడైనా ఇంటికెళ్ళి, నా ఘనతలు నాలుగు చెప్పి, బూట్లు తొడుక్కుని వచ్చేసేవాణ్ణి. లోపల ఆవిరి, పెద్దపెద్ద డ్రమ్ములు తిరిగే హోరు. అక్క దుప్పట్లు మడతపెడుతోంది. నన్ను చూసి, "ఎవరికేమైందిరా?" అంది గాభరాగా.

"ఎవరికీ ఏమీ కాలేదు" అని దుప్పటి రెండో కొస పట్టుకుని, ఆవిడ ఎడంపక్క నిలబడి, జరిగిందంతా చెప్పాను. ఓడిపోయాననీ చెప్పాను. ఆవిడ మడత మీద మడత వేస్తూ తలూపుతోంది తప్ప ఉలకదు, పలకదు.

"ఏంటక్కా, వింటున్నావా అసలు?"

అక్క చేతులు ఆగాయి. "సగం వినపళ్ళేదురా" అంది. "ఈ ఎడం చెవి పోయింది. రెండేళ్ళయింది. ఈ మిషన్ల వల్లేనంటున్నారు."

"రెండేళ్ళా! చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? మీ బావ లేడు. నువ్వొస్తే ఎప్పుడూ పెద్దపెద్ద సంగతులు చెప్పేవాడివి. మధ్యలో ఇదెందుకులే అని."

నాకు ఏడుపొచ్చింది. దుప్పటి కొస వదలకుండానే ఆవిడ కుడిపక్కకి వచ్చి నిలబడ్డాను.

"నాది తర్వాత అక్కా. ముందు నీది చెప్పు" అన్నాను.