అట్ట మీద ఇంటిపేరు

2023లో అమెరికాలోని నేపర్‌విల్‌లో మా తెలుగు సంఘం త్రైమాసిక పత్రికకు ముఖచిత్రం చేసే పని నాదే. పగలు ఒక కంపెనీలో మందుల డబ్బాలకు డిజైన్ చేస్తాను, వారాంతాల్లో పత్రిక పని చూస్తాను. అప్పటికి పదకొండేళ్లుగా చేస్తున్నాను.

ఆ సంచిక అట్టను ఒక విద్యార్థిని తీసిన పొట్టి సినిమాకు కేటాయించారు. పేరు ‘రెండో పరుపు’. తీసింది నిఖిత, ఎమ్మెస్ చదవడానికి వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి. ఇంటి కింది బేస్‌మెంట్లను విద్యార్థులకు అద్దెకిచ్చే మన కుటుంబాలే ఆ సినిమా చూడాలని ఆమె పట్టుదల. ఆ ఇళ్లన్నిటికీ చేరేది మా పత్రిక ఒక్కటే.

కార్పెట్ మీద ఖాళీ పరుపు, పక్కన విప్పని సూట్‌కేసు. ఆ ఫొటోతో అట్ట తయారుచేసి నిఖితకు ప్రూఫ్ పంపాను. అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనాను ప్రూఫ్ అంటాం. వెంటనే ఫోన్ చేసింది.

“అంకుల్, ఫొటో మస్తుంది. నా ఇంటిపేరు ఎందుకు పెట్టిన్రు?”

“నీ ఈమెయిల్లో ఉంది కదమ్మా.”

“సినిమా చూసిన్రా?”

“ట్రైలర్ చూశాను.”

“గదీ సంగతి. ఫస్ట్ సినిమా చూడున్రి, తర్వాత మాట్లాడుదం.”

చూశాను. ఇరవై రెండు నిమిషాలు. ఒక అమ్మాయి గది కోసం వరసగా ఫోన్లు చేస్తుంది. అందరూ మర్యాదగా మాట్లాడి, చివర్లో పూర్తి పేరు అడుగుతారు. ఆమె చెప్పే ఇంటిపేరు రైలు చప్పుడులో మనకు వినబడదు. ఆ తర్వాత ప్రతి గదీ అప్పుడే నిండిపోయి ఉంటుంది. చివర టైటిల్స్‌లో ఎవరికీ ఇంటిపేరు లేదు.

హేతువాదినని చెప్పుకుంటూ కులం మీద ఇరవయ్యేళ్లుగా వ్యాసాలు రాస్తున్నవాణ్ణి. ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండానే జవాబు అట్ట మీద వేసేశాను. సిగ్గుపడి తీసేశాను.

మర్నాడు సంపాదకులు ప్రసాద్ గారు ఫోన్ చేశారు.

“ఏవండీ, ఒంటి పేరు వేశారేంటి? ఎవరమ్మాయో జనానికి తెలియొద్దూ?”

“తెలిస్తే ఏం చేస్తారండీ?”

“చేసేదేముంది? ఊరికే, ఓ అభిమానం.”

“సినిమా అంతా ఆ ‘ఊరికే’ మీదేనండీ.”

“అలాగైతే ఈసారికి దసరా బొమ్మ వేసేద్దాం.”

“వేసుకోండి. దానికి వేరే డిజైనర్ని చూసుకోండి. ముందు మాత్రం ఇరవై రెండు నిమిషాలు నా పక్కన కూర్చోండి.”

శనివారం వచ్చారు. మూడో ఫోన్ కాల్లో ఇంటాయన “ఊరికే అడిగానమ్మా” అన్నప్పుడు ప్రసాద్ గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. వాళ్ల బేస్‌మెంట్లోనూ విద్యార్థులు అద్దెకుంటున్నారు. సినిమా అయ్యాక లేచారు.

“సరే, ఆ అమ్మాయి అడిగినట్టే వెయ్యండి,” అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. “మరి లోపలి పేజీలో మన పేర్లున్న చోట మీ ఇంటిపేరు మాటేమిటి, హేతువాది గారూ?”

ఆయన కారెక్కేలోపే ఆ పేజీ ఫైల్ తెరిచి నా ఇంటిపేరు చెరిపేశాను.

పత్రిక ఇళ్లకు చేరాక ముగ్గురు ఫోన్ చేసి “ఆ అమ్మాయి ఎవరి తాలూకు?” అని అడిగారు. ముగ్గురికీ జవాబుగా, మా సంఘం వేస్తున్న ఆ సినిమా ఆట ఎన్ని గంటలకో చెప్పాను. ఇద్దరు వచ్చారు.

అప్పట్నుంచి సినిమా పూర్తిగా చూడకుండా అట్ట మొదలుపెట్టను. ఎదుటివాళ్ల మీద వ్యాసం రాసేముందు నా పేరున్న పేజీ ఒకసారి తీసి చూసుకుంటాను. సంపాదకుల పేరు పక్కన ఇంటిపేరు ఇంకా అలాగే ఉంది. ప్రతి సంచికకూ ప్రూఫ్‌లో దాన్ని తీసేసి పంపుతాను, ఆయన మళ్లీ చేరుస్తారు. వచ్చే సంచికకూ తీసేసే పంపుతాను.