నెత్తురు కార్చిన స్తంభం

మీ ఇల్లు కూల్చెయ్యమని చెప్పినవాణ్ణి "నీకెలా తెలిసింది?" అని ఎప్పుడైనా అడిగారా?

మేము అడగడానికి కొంచెం ఆలస్యమైంది. తాపీ నది సూరత్‌ను ముంచిన ఏడాది అది. నేను బ్యాంకు ఉద్యోగిని. పాత ఊళ్లో ఓ టేకు ఇంటి మేడమీద భార్యాపిల్లలతో అద్దెకుండేవాణ్ణి. కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. వీధంతా ఆవిణ్ణి మాసీ, అంటే పిన్నీ, అని పిలిచేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. వీధివైపు చెక్కడాల కొయ్యపని, ముందు అరుగు, నట్టింట మేడ బరువంతా మోసే ఒక్క స్తంభం. పెళ్లయినా, బిడ్డ పుట్టినా, దీపావళి వచ్చినా ఆ స్తంభానికి తడి కుంకుమ పూయడం ఆ ఇంటి ఆచారం. తరతరాలుగా పూసిన కుంకుమ వేలి మందాన అట్టకట్టి ఉండేది.

వరద తీసింది. బురద ఎత్తిపోసిన మర్నాడు మాసీ కేక విని కిందికి పరుగెత్తాను. స్తంభం మొదట్లోంచి ఎర్రగా కారుతోంది.

"ఘర్ రడే ఛే, భాయ్," అంది. ఇల్లు ఏడుస్తోందట.

వాస్తు చెప్పే మహరాజ్‌ను పిలిపించింది. ఆయన గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. స్తంభం చుట్టూ పాలు పోయించాడు, మళ్లీ కుంకుమ పూయించాడు. మర్నాటికి ఇంకా ఎర్రగా కారింది. కారదా మరి! "ఈ ఇంటి ప్రాణం పోతోంది. దీపావళిలోపు కూల్చకపోతే మనుషుల్ని తింటుంది," అని తేల్చేశాడు. మాసీ ఆ సాయంత్రమే బిల్డర్‌కు కబురు పెట్టింది.

సూరత్‌లోనే గోడాదరా పేటలో పవర్‌లూమ్ నడిపే మా బామ్మర్ది సంగతి తెలిసి వచ్చాడు.

"ఏంది బావా, కింద ఇల్లు నెత్తురు కక్కుతుంటే మీద కూసొని పేపర్ సదువుతున్నవా? అక్కను, పిలగాండ్లను నేను తోల్కపోత. నువ్వుండు. నీకు దేవుడే లేడాయె, ఇగ భయమేంది!"

"నెత్తురని ఎవరన్నారు?"

"మహరాజ్ అన్నడు గద."

"రుచి చూశాడా?"

"ఛీ! నువ్వు మారవు బావా."

వాడితో ఎకసెక్కాలాడాను గానీ, నాకూ లోపల దడగానే ఉంది. అది నెత్తురు కాదని నాకు తెలుసు. స్తంభం గట్టిగా ఉందని మాత్రం తెలియదు. పుచ్చిపోయి ఉంటే, మహరాజ్ చెప్పిన కారణం అబద్ధమైనా ఇల్లు మాత్రం నిజంగానే కూలుతుంది, మేడమీద నిద్రపోయే నా పిల్లలతో సహా. హేతువాదినన్న పేరు దూలాన్ని ఆపదు. పరీక్ష చెయ్యాలి.

మర్నాడు బిల్డర్ వచ్చేలోపే మాసీనీ మహరాజ్‌నీ మా బామ్మర్దినీ స్తంభం దగ్గర నిలబెట్టాను. తెల్లగుడ్డతో ఆ ఎరుపును అద్దాను. గుమ్మానికి కట్టిన నిమ్మకాయను తెంపాను.

"హాథ్ మత్ లగానా!" ముట్టుకోవద్దని మహరాజ్ అరిచాడు.

కోసి గుడ్డమీద పిండాను. ఎరుపు చూస్తుండగానే పసుపుపచ్చగా మారింది.

"మాసీ, మీ ఇంట్లో కుంకుమ దేనితో చేస్తారు?"

"పసుపు, సున్నం. మా అత్తగారు నేర్పింది..." అంది. గుడ్డవైపు చూసింది. మహరాజ్ వైపు చూసింది.

"కలికాలం," అన్నాడాయన. "నెత్తురు కూడా రంగు మారుస్తుంది."

"అట్లనా మహరాజ్? మీదీ జర తీసి చూద్దామా?" అన్నాడు మా బామ్మర్ది హిందీలో. మహరాజ్ చెప్పులు వెతుక్కున్నాడు.

సున్నంతో ఎర్రబడ్డ పసుపు నిమ్మపులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. తరతరాల కుంకుమ వరదనీటికి నాని కారింది. వీళ్లు దానిమీద మళ్లీ తడి కుంకుమ పూశారు, పాలు పోశారు. రోగమూ మందూ ఒకటే!

ఇక రెండో పరీక్ష: లోపలి కొయ్య గట్టిదేనా? మాసీ తానే కత్తి తెచ్చి కుంకుమ అట్టను గీకింది. కింద టేకు మీద అడ్డంగా నాలుగైదు గాట్లు బయటపడ్డాయి. ఆ ఇంటి పెద్దలు వరద వచ్చినప్పుడల్లా నీరు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడొక గాటు పెట్టారన్నమాట. ఒకటి ఈసారి నీటిమరకకు ఇంచుమించు సమానంగా ఉంది. అంటే ఈ స్తంభానికి మునగడం కొత్త కాదు. ఆ మాట చెప్పడానికే పెద్దలు గాట్లు పెడితే, పిల్లలు వాటిమీద భక్తి పూసి మూసేశారు.

స్క్రూడ్రైవర్ తీసుకుని స్తంభం మొదట్లో గుచ్చాను, పుచ్చి ఉంటే దిగిపోవాలి. జారింది. చుట్టూ తిరిగి గుచ్చాను. బామ్మర్ది ఒళ్లంతా బరువు వేసి నొక్కాడు.

"దిగుతలేదు బావా! ఇనుమున్నట్టుంది!"

నేను ఆ తడి నేలమీదే చతికిలబడ్డాను. మాసీ ఫోన్ అందుకుని బిల్డర్‌తో అంది: "రావొద్దు, భాయ్. మా ఇంటికి జలుబు చేసింది, అంతే."

పండగ తొందరలో వీధిలో చాలామంది తడి గోడలకు సిమెంటు పూసి చెమ్మను లోపలే బంధించారు. మేము కిటికీలు తెరిచి ఉంచి, ఆరాక సున్నం వేశాం. కొయ్యకు నూనె పట్టించాం. దీపావళినాడు మాసీ స్తంభానికి తన చేత్తో ఈ ఏటి గాటు పెట్టింది. పక్కనే చిటికెడు పొడి కుంకుమ అద్ది నా ముఖం చూసింది. సరేనని తల ఊపాను. పొడి కుంకుమ టేకును తినదు.

లేవండి. మీ ఇంటి స్తంభం మీద పూసిందంతా ఈరోజే కడగండి. స్క్రూడ్రైవర్ తీసుకుని గుచ్చండి. దిగితే స్తంభం మార్చండి. దిగకపోతే, కూల్చమన్నవాణ్ణి గుమ్మం దాటించండి.