చిట్యాల అన్నానంటే ఆగాలి

పొద్దంతా మగవాళ్ల మీద అరిచే ఉద్యోగం నాది. నల్లగొండ నుంచి హైదరాబాదు పోయే బస్సులో కండక్టర్‌ని. మెట్ల మీద వేలాడేవాణ్ని లోపలికి తోస్తాను. ఆడవాళ్ల సీట్లో కూర్చుని నిద్ర నటించేవాణ్ని భుజం తట్టి లేపుతాను. అలాంటి నేను, ఫోనులో, నా ఇష్టంతో, ఒక రాణివాసంలో దాసిగా ఆడతాను. ఇదేం పిచ్చి అంటారు. అనండి. మీరు పేకాట ఎందుకు ఆడతారని నేనెప్పుడైనా అడిగానా? ముప్పై దాటినదాన్ని. కిరాయి గది నాది, ఫోను నాది, మనసు కూడా నాదే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఫోనులో నెట్టు చవకయింది. ఆ రోజుల్లోనే ఆ గుంపు దొరికింది. అంతా రాతలో ఆడే ఆట. ఒకరు ఆజ్ఞాపిస్తారు, ఒకరు లొంగుతారు. మధ్యలో కోటలు, కుట్రలు, అలకలు, శిక్షలు. ఫొటోలు ఉండవు, గొంతులు ఉండవు. పద్దెనిమిది నిండనివాళ్లకు ప్రవేశం లేదు. ఎవరి ఆట వాళ్ల గదుల్లో సాగేది. అందరం కూడి మామూలుగా మాట్లాడుకునే చోటును కొలువు అనేవాళ్లం. అక్కడ ఎవరూ రాజు కాదు, దాసీ కాదు. వంటల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లం.

కొత్తగా ఒక ఆడమనిషి వచ్చిందంటే చాలు, ఈగలు ముసిరినట్టు మెసేజీలు. అందుకే అక్కడ రక్షణ అనే ఆచారం పుట్టింది. పాతవాళ్లలో ఒకరు ఆమెను రక్షణలోకి తీసుకుంటారు. ఆమె పేరు పక్కన ఆయన పేరు పెడతారు. ఆమెను విడిగా పలకరించాలన్నా ముందు ఆయన్ను అడగాలి. రక్షకుడికి ఆజ్ఞాపించే హక్కు ఉండదు, అడ్డం నిలబడటమే ఆయన పని. కొన్నాళ్లకు ఇద్దరికీ కుదిరితే అప్పుడు పట్టెడ. మన ఆడవాళ్లు మెడకు అంటుకునేలా పెట్టుకునే నగ పేరే, మేం దానికి పెట్టుకున్నాం. కొలువులో అందరి ముందూ పట్టెడ వేస్తారు. ఆ రోజు నుంచి ఆమె ఆయన సొత్తు, ఆటలో ఆయన మాటే శాసనం. వేసినవాడే తీయాలన్నది కూడా ఆచారమే. ఆ చివరి ముక్కను నేను పెద్దగా పట్టించుకోలేదు.

నిజం చెప్తున్నాను, రక్షణలో ఉన్న రోజులు హాయిగా ఉండేవి. బస్సులో రాసుకుని పోయేవాడెవడూ నన్ను అడిగి రాసుకోడు. ఇక్కడేమో ఒక మగవాడు నాకు నమస్తే చెప్పడానికి ముందు అనుమతి అడుగుతున్నాడు. నా రక్షకుడు నెమ్మదస్తుడు, ఓపికగా కథ అల్లేవాడు. పట్టెడ వేస్తానంటే సంతోషంగా ఒప్పుకున్నాను.

ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. తనను దొరా అని పిలవమన్నాడు. కుదరదన్నాను. మా అవ్వ, మా బాపుకు తల్లి, చిన్నతనంలో దొర గడీలో వెట్టి చేసింది. దారిలో ఎవరైనా "ఎవల మనిషివే" అని అడిగితే తన పేరు చెప్పుకునే అలవాటు లేదు ఆమెకు, దొర పేరు చెప్పేది. ఆ పిలుపు మా ఇంట్లో ఆటకైనా నోట రాదు. ఆయన ప్రభూతో సరిపెట్టుకున్నాడు.

పట్టెడకు ముందు ఆపుమాట చెప్పాలి. ఆట ఎంత జోరుమీదున్నా, లొంగిన మనిషి ఆ మాట అన్నదంటే అక్కడికక్కడ ఆగిపోవాలి. ఆగనివాణ్ని కొలువులో నుంచే గెంటేస్తారు. అన్ని ఆచారాలకూ పెద్ద ఆచారం అదే. నేను చిట్యాల అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వడానికేముంది? రాణివాసంలో ఎవరూ పొరపాటున కూడా అనని మాట కావాలి కదా. పైగా నేను రోజూ గొంతు చించుకుని అరిచే పేరది. నేను అరిచాక బస్సు ఆగాల్సిందే.

ఆ ఆటలో నాకు అసలైన సరదా ఆయనతో కాదు, వంటశాల దాసిగా ఆడే ఒకామెతో. ఆమెది పాలమూరు జిల్లా, ఆత్మకూరు వైపు. నన్ను అక్కా అనేది. మేమిద్దరం కలిసి రాజుగారి పాయసంలో ఉప్పు కలిపాం, సేనాపతి మీసం కాల్చాం. రాసుకుంటూ నవ్వి నవ్వి డిపోలో నా పక్కన కూర్చున్నవాళ్లను హడలగొట్టేదాన్ని. రెండేళ్లు అల్లిన కథ అది. పుస్తకం చేస్తే మోయలేరు.

పట్టెడ పడిన కొన్నాళ్లకు ఆమె రాయడం మానేసింది. పట్టెడ పడినది తనంతట తాను ఎవరినీ విడిగా పలకరించకూడదన్నది ఆచారం, అందుకే ప్రభువునే అడిగాను. "ఆమెకు వేరే ఆట దొరికింది, నీ మీద విసుగు పుట్టిందట" అన్నాడు. నమ్మాను. ఆ మధ్యాహ్నం డిపోలో సద్ది విప్పి, తినలేక మూత పెట్టేశాను. చెప్పకుండా పోయిందని ఆమె మీద కోపం, పోయినందుకు ఏడుపు, రెండూ ఒకేసారి.

మరికొన్ని రోజులకు, ఎవరినీ అడగకుండా, నేరుగా ఆమె నుంచే మెసేజ్ వచ్చింది. "అక్కా, నిన్ను నేరుగా పలకరియ్యొద్దని తెలుసు. జర ఒక్కటి చెప్పు. నన్నెందుకు ఒద్దన్నవ్? నేనేం తప్పు చేసిన?"

నేను వద్దన్నానని ఆయన ఆమెకు చెప్పాడు. ఆమెకు విసుగని నాకు చెప్పాడు. నా ఒళ్లు మండింది. కొలువులోకి పోయి అందరి ముందే అడిగాను, ఆమెను వద్దన్నది ఎవరని.

"నా పట్టెడ వేసుకున్నదాని తరఫున నేనే మాట్లాడతాను. ఆచారం తెలియదా?" అన్నాడు.

"అది ఆటల. ఇది కొలువు. ఇక్కడ నేను నీ దాసిని కాదు" అన్నాను.

"నీకు ఆటకూ కొలువుకూ తేడా లేదు. ఎక్కడైనా నువ్వు నా సొత్తువే."

అయితే పట్టెడ తియ్యి అన్నాను. తీయనన్నాడు. గుంపును నడిపే కొలువు పెద్దలు మధ్యలోకి వచ్చారు. వేసినవాడే తీయాలి, ఆచారం కదమ్మా అన్నారు. అంతగా వద్దనుకుంటే పేరు వదిలేసి, కథ వదిలేసి వెళ్లిపోవచ్చన్నారు. అనుమతి లేకుండా నన్ను పలకరించినందుకు వంటశాల దాసిని బయట పెట్టారు. ఇదీ తీర్పు.

ఫోను కట్టేస్తే పీడా పోయేది కదా అంటారు మీరు. ఎందుకు కట్టేయాలి? ఆ కథ నేను రాశాను. ఆ పేరు నేను సంపాదించుకున్నాను. తప్పు చేసినవాడు పీట మీద కూర్చుంటే నేను చెప్పులు చేతబట్టుకుని పోవాలా?

ఆ వారం సెలవు రోజున పానగల్ దగ్గరున్న మా అవ్వ ఇంటికి పోయాను. అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చున్నాను.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదవ్వా. ఫోన్ల ఒక ఆట ఆడుతున్న. అండ్ల కొట్లాట అయింది."

"ఏం ఆట?"

దాచాలనిపించలేదు. "నేనొక దాసిని. ఒకాయన నాకు మాలిక్. ఆయన చెప్పినట్టు నేను చెయ్యాలె" అన్నాను. తిడుతుందనుకున్నాను. అవ్వ చేతులు ఆగలేదు.

"ఎవలన్న బలిమి చేసిండ్రా?"

"లేదు. నాకిష్టమయ్యే పోయిన."

"మంచిగనిపిస్తదా?"

"మంచిగనిపిస్తది."

అవ్వ ఒక పండు చీల్చింది, గింజ తీసి పక్కకు వేసింది. "ఆట అయిపోయినంక ఇంటికి పోనిస్తరా?" అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

"మమ్ముల పోనియ్యకపోతుండె" అంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు. తరువాత నాకు కూడా కొంత చింతపండు ముందుకు నెట్టింది. ఇద్దరం గింజలు తీస్తూ కూర్చున్నాం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఏడుపు కాదది, కోపం.

మరునాడు హైదరాబాదు నుంచి తిరిగి వస్తున్నాం. చిట్యాలలో ఆపి డ్రైవరు చాయ్‌కి దిగాడు. నేను బస్సు నీడలో నిలబడి కొలువు తెరిచాను. అప్పటికి చాలామందే ఉన్నారు, ఆయన కూడా ఉన్నాడు. ఒక్క మాట రాశాను. చిట్యాల.

వెంటనే జవాబిచ్చాడు. "ఆపుమాట ఆటగదిలోనే చెల్లుతుంది. ఇది కొలువు."

నాకు కావలసింది అదే. బస్సులో ఎట్లా మాట్లాడతానో అట్లాగే రాశాను. "ఆటకు, కొలువుకు తేడ లేదన్నది నువ్వే. అందరు చదివిండ్రు. తేడ లేకుంటె నా ఆపుమాట గీడ గూడ నడుస్తది. తేడ ఉన్నదంటె గీడ నేను నీ సొత్తును కాదు. ఏదో ఒకటి చెప్పు. చిట్యాల అన్న. ఆపు."

ఆయన ఏమీ రాయలేదు. పెద్దలూ రాయలేదు. ఆపుమాట చెల్లదని ఎవరైనా అంటే ఆ గుంపులో ఇక ఏ ఆడదీ ఒక్క పూట కూడా ఉండదని వాళ్లకు తెలుసు. డ్రైవరు చాయ్ తాగి ఎక్కి హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. చివరికి కొలువులో అందరికంటే పాతకాపు ఒకామె రాసింది, ఆపుమాట పడింది, ఆగాల్సిందేనని. నేను చూస్తుండగానే నా పేరు పక్కన ఆయన పేరు పోయింది.

పేరు నాకే మిగిలింది, కథ కూడా. వంటశాల దాసిని లోపలికి పిలిచేదాకా కొలువులో ఎవరినీ ప్రశాంతంగా ఉండనివ్వలేదు. వచ్చీరాగానే సేనాపతికి మళ్లీ మీసం మొలిచిందా అని అడిగింది. ఇప్పుడు అక్కడ పట్టెడను వేయించుకున్నవాళ్లు కూడా తీసేయవచ్చు. నేను ఇప్పటికీ దాసిగానే ఆడతాను. మానేస్తాననుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నా ఇష్టాన్ని వాడెవడో పాడుచేశాడని నేనెందుకు మానాలి? లొంగడం నాకిష్టం. ఎవరికి, ఎంతసేపు, ఎందాకా అన్నది నేను చెప్తాను.

తరువాతి సెలవుకు అవ్వ దగ్గరికి పోయినప్పుడు, నేను చెప్పులు విడవకముందే అడిగింది.

"ఆ ఆటోళ్లు పోనిచ్చిండ్రా బిడ్డా?"

"పోనిచ్చుడేందవ్వా," అన్నాను, "నేనే దిగిన."