అవ్వ మింగిన ఆరు గోళీలు

వడ్డేపల్లి, అమరచింత అయిపోయాయి. ఇక మిగిలింది నాగర్‌కర్నూల్ దగ్గరి ఊళ్లో ఒక అవ్వ. కారు నేను నడుపుతున్నాను. వెనక సీట్లో ఆ రెండూళ్ల నమూనాలున్న డ్రై ఐస్ డబ్బా, దాన్ని పట్టుకొని నా మేనకోడలు. అరగంటకోసారి కారు ఆపి మూత తీసి చూస్తున్నాను.

"నువ్వు ఊకె తీస్తుంటే ఐసంత పొగై పోతది మామా" అని కసిరింది.

ఆమె హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. మనుషుల మలంలోని బ్యాక్టీరియాను గాలి తగలకుండా గడ్డకట్టించి దాచుతారు. తర్వాత ల్యాబులో మళ్లీ బతికించి, జొన్నపిండి వేస్తే ఎట్లా పులియబెడతాయో చూస్తారు. దానికి జొన్నగటక, పుల్లటి అంబలి మీదే బతికిన కడుపు కావాలి. అట్లాంటి అవ్వను వెతికిపెట్టింది నేనే. ఎల్లుండి కొడుకు ఆమెను బొంబాయికి తీసుకుపోతున్నాడు. ఈరోజు తప్పితే లేదు.

అవ్వ తలస్నానం చేసి వాకిట్లో కూర్చుంది. మేనకోడలు చేతి తొడుగులు వేసుకుంటూ అందరినీ అడిగేదే అడిగింది.

"ఈ నడుమ గోళీలు గిట్ల ఏసుకున్నవా అవ్వా?"

"ఏసుకున్న బిడ్డా. మూడు దినాల సంది, పొద్దుకొకటి, మాపుకొకటి. ఊళ్లె డాక్టర్‌ను అడిగి తెచ్చుకున్న." కొంగుముడి విప్పి ఖాళీ అట్ట చూపింది. యాంటీబయాటిక్. "ఇప్పుడొక్క పురుగు లేదు. పట్నంల సదువుకున్నోళ్లు చూస్తరాయె. మా ఇంటి ఇజ్జత్ పోవద్దు గద."

మేనకోడలు తొడుగులు తీసేసింది.

"ఏమైంది బిడ్డా? పనికి రాదా?"

"ఆ గోళీలకు మంచియి గూడ సస్తయి అవ్వా. మూడు నెల్లాగాలె."

"మూడు నెల్లకు నేను బొంబాయిల పావ్ తింటుంట" అని అవ్వ నవ్వింది. మేమిద్దరం నవ్వలేదు.

కారెక్కాక మేనకోడలు అడిగింది. "పురుగులని ఆమెకు ఎవరు చెప్పిన్రు మామా?"

పది రోజుల కింద అదే వాకిట్లో నిలబడి, నీ కడుపులో పురుగులు చూస్తారవ్వా అని చెప్పింది నేనే. ఏళ్లకేళ్లు పేపర్లో రాసిన అలవాటు, ఏదైనా ఒక్క ముక్కలో తేల్చేయడం. అవి మంచివని చెప్పడానికి ఇంకో వాక్యం పట్టేది.

"నేనే" అన్నాను.

"హెడ్డింగ్ పెట్టి ఊకున్నవన్నట్టు."

వెనక్కి తిరిగి డబ్బా మూత మీద చెయ్యి వేశాను.

"ముట్టకు మామా. నడుపు. ఉన్నయన్న బతికి చేరనీ."